రాయలవారి కుళ్ళాయి

'ఆదిత్య 369'లో టైమ్ మెషీన్ వెనక్కి వెళ్ళి ఆగే సంవత్సరం 1526. శ్రీకృష్ణదేవరాయల విజయనగరం. సింగీతం శ్రీనివాసరావు గారు మంచి సంవత్సరమే పట్టారు. అదే 1526 ఏప్రిల్‌లో పానిపట్ మైదానంలో బాబర్ ఇబ్రహీం లోడీని ఓడించాడు. తర్వాత తన స్వీయచరిత్రలో హిందుస్తాన్ పాలకుల లెక్క రాస్తూ, హిందూ రాజుల్లో ముల్కులోనూ ఫౌజులోనూ అందరికంటే పెద్దవాడు బీజానగర్ రాజేనని బాబరే రాసుకున్నాడు. బీజానగర్ అంటే మన విజయనగరం. ఢిల్లీ దారిలో ఉన్న తుర్కుకి తుంగభద్ర ఒడ్డున కూర్చున్న రాజు ఖబర్ తెలుసు. ఆ జమానాలో దునియా మనం అనుకునేంత ముక్కలుముక్కలుగా లేదు.

సినిమా 1991 జూలైలో వచ్చింది. 1895లో హెచ్.జి. వెల్స్ రాసిన 'టైమ్ మెషీన్' నవల దానికి బీజం. 34 ఏళ్ళ తర్వాత 2025 ఏప్రిల్‌లో మళ్ళీ థియేటర్లకి వస్తే, అది మొదటిసారి విడుదలైనప్పటికి పుట్టని పిల్లలు కూడా పోయి ఈలలు వేశారు. తెలుగులో సైన్స్ ఫిక్షన్‌కి అభిమానులంటూ ఒక జమాత్ ఉంటే దాని పెద్ద పండుగ ఈ సినిమాయే. అయితే ఆ అభిమానుల్ని కదిలించి చూడండి. మెషీన్ ఎలా పనిచేస్తుందో ఎవరికీ పట్టదు. మెషీన్ ముందుకెళ్ళి 2504లో దిగే భాగం సగంమందికి సరిగ్గా గుర్తుండదు. గుర్తుండేది రాయల కొలువు, రాజనర్తకి ఆట, చంద్రమోహన్ వేసిన తెనాలి రామకృష్ణుడు. సైన్స్ దర్వాజా లోంచి మనవాళ్ళు పోయింది పాత జమానాలోకే.

ఇది మనకే ఉన్న షౌక్ కాదు. అమెరికాలో బర్కిలీ అనే ఊళ్ళో 1966 మే 1న, మధ్యయుగాల చదువు చదువుకున్న డయానా పాక్సన్ అనే అమ్మాయి పెరట్లో ఆమె దోస్తులు కొందరు చేరారు. అందరూ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కితాబుల దీవానాలు. చెక్క కత్తులు, డాళ్ళు పట్టుకుని పాత యూరప్ వీరుల్లా తలపడ్డారు. ఒక్క రోజు తమాషా అనుకున్నది సంఘం అయ్యింది. 1968లో ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ అదే బర్కిలీలో జరిగితే అక్కడ కూడా ఈ కత్తిసాము పెట్టారు. దాంతో ఆ షౌక్ ఊరూరా పాకింది. ఇప్పుడు దాని సభ్యులు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ఎవరికి వాళ్ళు ఒక పాత పేరు పెట్టుకుంటారు, ఆ కాలపు బట్ట నేస్తారు, ఆ కాలపు వంట వండుకుంటారు. మధ్యయుగం ఎలా ఉండిందో అలా కాదు, ఎలా ఉండి ఉంటే బాగుండేదో అలా కావాలన్నది వాళ్ళ మాట. అంటే ప్లేగు వద్దు, వెట్టి వద్దు, రాజు కావాలి. అక్కడే యూనివర్సిటీల్లో మధ్యయుగాలు బోధించే ఆలిమ్‌లు వీళ్ళని చూసి మొదట నవ్వారు. తర్వాత, పాత కాలాన్ని జనం ఎందుకు ఇలా తిరగరాసుకుంటారన్నదే ఒక చదువుగా పెట్టుకుని దాని మీద పత్రికలు కూడా నడిపారు.

మన దగ్గర దీనికి సరిసాటి ఏదంటే నేను 'భువనవిజయం' రూపకం అంటాను. తెలుగు లెక్చరర్లు, అవధానులు, రిటైర్డ్ హెడ్‌మాస్టర్లు పట్టు ఉత్తరీయాలు కప్పుకుని ఒకరు పెద్దన, ఒకరు తిమ్మన, ఒకరు ధూర్జటి అవుతారు. ఊళ్ళో పెద్దమనిషి ఎవరో రాయలవారై సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుంటారు. పద్యాలు, సమస్యాపూరణలు, తెనాలి రామకృష్ణుడి కొంటె మాటలు. ఉగాదికి ఊళ్ళల్లోనూ ఇదే, అమెరికాలో మన తెలుగు సంఘాల సభల్లోనూ ఇదే. నాకిది ఇష్టం. డిగ్రీలో ఉన్నప్పుడు ముందు వరసలో కూర్చుని చూసేవాణ్ణి. ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాడికి పద్యం చెవికి పట్టింది క్లాసులో కాదు, ఆ స్టేజీ ముందు. ముషాయిరా అలవాటైన చెవి కదా, 'వాహ్' అనాల్సిన చోటు దానికదే దొరికేది.

కానీ ఆలిమ్ కళ్ళతో చూస్తే ఆ స్టేజీ కూడా ఒక టైమ్ మెషీన్, అదీ గడియారం సరిగ్గా లేనిది. రాయలవారు పోయింది 1529లో. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితం ఇచ్చింది తిరుమలరాయలకి, అంటే తల్లికోట యుద్ధం అయిపోయాక. పింగళి సూరన కావ్యాలూ రాయల తర్వాతివే. తెనాలి రామకృష్ణుడి పాండురంగమాహాత్మ్యం కూడా రాయల కొలువులో పుట్టింది కాదని పండితులు ఎప్పుడో తేల్చారు. ఎనిమిదిమంది ఒకే గదిలో ఒకే రాత్రి కూర్చున్నది మన ఖయాల్‌లోనే. దీనికి నాకు ఏ ఫిర్యాదూ లేదు. జనం తమకి నచ్చినవాళ్ళందర్నీ ఒక దస్తర్‌ఖాన్ ముందు కూర్చోబెట్టుకోవాలనుకుంటే అది పాపం కాదు.

నా సవాల్ వేరు. ఆ దస్తర్‌ఖాన్ దగ్గర ఎవరు లేరన్నది.

ఇది నా సవాల్ కూడా కాదు, మా భాంజాది. ఇంటర్ చదువుతున్నాడు. మా ఆర్మూర్‌లో పసుపు కొమ్ము ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో సినిమా మళ్ళీ వచ్చింది. వాడి దోస్తులు అందరూ చూసి, టైమ్ మెషీన్ దొరికితే ఎవరెక్కడికి పోతారని ఆట ఆడుకున్నారట. వీడూ రాయల కొలువుకే పోతానన్నాడు. 'నువ్వు అక్కడికి పోతే ఏం పనిరా, మీవాళ్ళే కదా దాన్ని కూలగొట్టింది' అని ఒకడు నవ్వాడట. కొట్లాట ఏం కాలేదు. వాడూ నవ్వి ఊరుకున్నాడు. రాత్రి వచ్చి నన్ను అడిగాడు: 'మామూ, నిజంగానే మనం పోతే రానిస్తారా?'

పదిహేడేళ్ళ పిల్లవాడికి ఉపన్యాసం చెప్పకూడదు. ఫోన్‌లో ఒక ఫోటో చూపించాను. తిరుమల గుడి మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో మూడు లోహ విగ్రహాలు ఉంటాయి. కృష్ణదేవరాయలు, ఇద్దరు రాణులు, తిరుమలదేవి, చిన్నాదేవి. ముగ్గురూ చేతులు జోడించి నిలబడి ఉంటారు. రాయలవారి ఒంటి మీద పైబట్ట లేదు. దేవుడి ముందు నిలబడ్డ భక్తుడు మరి. నెత్తి మీద మాత్రం పొడవాటి కోసు టోపీ ఉంది. కిరీటం కాదు, టోపీ.

దాని పేరు కుళ్ళాయి. ఈ మాట నేను మొదటిసారి విన్నది డిగ్రీలో, శ్రీనాథుడి చాటువు చెబుతున్నప్పుడు. ప్రౌఢదేవరాయల దర్శనానికి పోయిన శ్రీనాథుడు అక్కడి తీరు ప్రకారం కుళ్ళాయి పెట్టుకోవాల్సి వచ్చిందని వాపోతాడు. మా సార్ 'ఒక విధమైన టోపీ' అని అర్థం చెప్పి ముందుకు పోయారు. నేను అక్కడే ఆగిపోయాను. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు సాఫా చుట్టుకునేటప్పుడు లోపల పెట్టుకునే కోసు టోపీని కులాహ్ అంటారు. ఫార్సీ మాట. కులాహ్, కుళ్ళాయి. అట్లాగే కబాయి అని ఇంకో మాట తగిలింది. పొడుగు చేతుల పొడుగు అంగీ. అరబ్బీలో ఖబా. ఉర్దూ చదివినవాడికి ఖబా అర్థం కాకపోవడం ఏముంది, గజల్స్ నిండా అదే కదా. తెలుగు క్లాసులో మా ఇంటి బట్టలు ఆరేసినట్టు అనిపించింది.

దీని మీద పూర్తి లెక్క చెప్పిన ఆలిమ్ ఫిలిప్ వాగనర్. అమెరికన్. తెలుగు, సంస్కృత శాసనాలు చదివిన మనిషి. 1996లో ఆయన రాసిన ఒక వ్యాసం విజయనగరం గురించి ఆలోచించే తీరునే మార్చింది. సంగతి ఇది. విజయనగర రాజులు ఇంట్లో, గుళ్ళో ఎప్పటి పద్ధతిలోనే ఉండేవాళ్ళు. కొలువులో, రాయబారుల ముందు మాత్రం కబాయి తొడిగి కుళ్ళాయి పెట్టేవాళ్ళు. ఎందుకంటే అప్పటికి హెరాత్ నుంచి హుర్ముజ్ దాకా, గుల్బర్గా నుంచి కాలికట్ దాకా పెద్ద దర్బారు అంటే అదే లిబాస్. గుర్రాలు అరేబియా నుంచి రావాలి. రాయబారి సమర్‌ఖండ్ మనిషి అయి ఉండొచ్చు. 1443లో తైమూర్ కొడుకు షారుఖ్ పంపిన అబ్దుర్ రజాక్ అలా వచ్చినవాడే. ఇప్పుడు మన మంత్రులు దావోస్ పోయేటప్పుడు సూటు వేసుకుంటారు కదా. దాన్ని క్రైస్తవం పుచ్చుకోవడం అని ఎవరూ అనరు.

లిబాస్ ఒక్కటే కాదు, లకబ్ కూడా. 1350ల నాటికే బుక్కరాయల శాసనాల్లో 'హిందూరాయ సురత్రాణ' అనే బిరుదు కనబడుతుంది. సురత్రాణ అన్న సంస్కృతంలాంటి మాట విప్పి చూస్తే లోపల సుల్తాన్ కూర్చుని ఉంటాడు. హిందూ రాజుల్లో సుల్తాన్ అని దానర్థం. తమ రాజ్యాన్ని సుల్తానుల మీద అడ్డుగోడగా మాత్రమే చూసుకున్నవాళ్ళు ఆ మాటని నెత్తిన పెట్టుకునేవాళ్ళేనా? కృష్ణదేవరాయల బిరుదుల్లో 'యవనరాజ్య స్థాపనాచార్య' ఉంది. బహమనీ షాజాదాని తిరిగి గద్దె మీద కూర్చోబెట్టినందుకు వచ్చిన బిరుదు అది. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు మనిషి దొమింగో పాయెస్ రాయల్ని దగ్గరగా చూశాడు. ఆయన కూడా జరీ టోపీ గురించే రాశాడు. గలీసియా వాళ్ళ శిరస్త్రాణంతో దాన్ని పోల్చుకున్నాడు పాపం, అతనికి అంతకంటే దగ్గరి పోలిక దొరకలేదు. అనుమానం ఉన్నవాళ్ళు లేపాక్షి పోయి వీరభద్రాలయం కప్పు మీది బొమ్మలు చూడొచ్చు. పొడుగు టోపీల పెద్దమనుషులు బారులు తీరి ఉంటారు.

మనుషుల సంగతికొస్తే, రెండో దేవరాయలు తన ఫౌజులోకి ముస్లిం విలుకాళ్ళని తీసుకున్నాడు. వాళ్ళలో అహ్మద్ ఖాన్ అనే అధికారి 1439లో హంపీలో ఒక మసీదు కట్టించాడు. ఆ కట్టడం ఇప్పటికీ నిలిచే ఉంది. దాని శాసనంలో దాన్ని ధర్మసాల అన్నారు, ఆ పుణ్యం దేవరాయలకి చెందాలన్నారు. భాంజాకి ఇదీ చూపించాను. గుళ్ళో ఉండే రాతి స్తంభాల్లాంటి స్తంభాలే, వెనక గోడలో మిహ్రాబ్. 'అయితే రానిస్తారు' అన్నాడు వాడు. రానివ్వడం ఏంటి, నెలజీతం ఇచ్చి పెట్టుకున్నారు.

ఇక్కడ ఆపేస్తే నేనూ ఆ స్టేజీ మీది రాయలవారిలా పౌడర్ రాసుకున్నట్టే. రాయవాచకం అని పాత తెలుగు వచనం ఒకటుంది. కృష్ణదేవరాయల కొలువులో ఉన్న స్థానాపతి తన యజమానికి పంపిన ఖబర్‌లాగా సాగుతుంది. చదువుతుంటే కళ్ళతో చూసి రాసినట్టే ఉంటుంది. దాన్ని ఇంగ్లీషు చేసిన వాగనర్ తేల్చిందేమంటే, అది రాయలు పోయిన డెబ్బై ఏళ్ళకి, 1600 ప్రాంతంలో, మదురై నాయకుల దగ్గర పుట్టిందని. అంటే పోయిన కాలంలోకి వెళ్ళి అక్కడి నుంచి మాట్లాడుతున్నట్టు రాసిన కితాబ్. నన్నడిగితే రాయలవారి మీద తెలుగులో వచ్చిన తొలి అభిమాన సాహిత్యం అదే. సింగీతం గారికంటే ముందు టైమ్ మెషీన్ నడిపింది ఆ పేరు తెలియని రచయిత.

అందులో దక్కన్ సుల్తానుల వర్ణన మెత్తగా లేదు. తాగుబోతులు, రాక్షసుల్లాంటివాళ్ళు. మనవాళ్ళు కొందరు ఈ పేజీలు దాచి కుళ్ళాయి మాత్రమే చూపిస్తారు. అది బేఇమానీ. పూర్తిగా చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆ కితాబ్‌లోనే ఢిల్లీ మొగలు పాదుషాకి పెద్దపీట ఉంది. గజపతి, నరపతి, అశ్వపతి అని మూడు సింహాసనాలు న్యాయమైనవి. ఆ అశ్వపతి ఢిల్లీ పాదుషాయే. ఆయనా ముసల్మానే కదా. రాసినవాడి కోపం కల్మా మీద కాదు, పక్కింటివాళ్ళ మీద. విజయనగరం పోయింది, దాన్ని పోగొట్టింది ఎదురుగా కనబడుతున్నారు, కడుపు మండుతోంది. ఆ మంటని నేను అర్థం చేసుకోగలను. 1948 సెప్టెంబర్ గురించి మా ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడిన తీరు విన్నవాణ్ణి.

కూలగొట్టిందెవరు అన్న దానికి జవాబు: 1565 జనవరిలో సుల్తానులు కలిసి రామరాయల్ని ఓడించారు, అహ్మద్‌నగర్ హుసేన్ నిజాంషా ఆయన తల తీయించాడు, నగరం లూటీ అయ్యింది. ఇది జరిగింది. దీన్ని మెత్తగా చెప్పాల్సిన పని లేదు. అయితే ఆ సుల్తానుల్లో ఒకడైన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా కథ కూడా చెప్పాలి. అన్న చంపుతాడన్న భయంతో 1543లో పారిపోయి ఏడేళ్ళు విజయనగరంలో రామరాయల నీడన బతికాడు. తెలుగు అక్కడే ఒంటబట్టింది. 1550లో గద్దెనెక్కాక తెలుగు కవుల్ని పిలిచి కొలువులో కూర్చోబెట్టాడు. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. ఇబ్రహీం అన్న పేరు తెలుగు నోట్లో నాని భరాముడైంది. ఉప్పు తిన్న ఇంటి మీదికే ఫౌజుతో పోయాడు కదా అంటే, పోయాడు. రాజుల్లో నమక్‌హలాలీ వెతికితే చేతికి ఏమీ దొరకదు, రామరాయల చరిత్రలోనూ దొరకదు.

మనవాళ్ళు ఈ ఆట ఆడరా అంటే, మనకంటే ముందు ఎవరూ ఆడలేదు. దాస్తానె అమీర్ హంజా ఏమిటి మరి? తిలిస్మ్ అంటే జాదూగర్ కట్టిన వేరే దునియా. దానికి దాని సొంత సూర్యుడు, సొంత కానూన్ ఉంటాయి. తాళం చెవి దొరికేదాకా బయటపడలేం. అమర్ అయ్యార్ భుజానికి జంబీల్ అనే సంచీ. అందులో నగరాలకి నగరాలే పడతాయి. సైన్స్ ఫిక్షన్ అన్న పేరు పెట్టలేదు గానీ సరుకు అదే. అక్బర్ బాద్‌షా దీనికి ఎంత దీవానా అంటే బట్ట మీద 1,400 బొమ్మలు గీయించాడు. పదిహేనేళ్ళు పట్టిన పని. ఇప్పుడు వాటిలో మిగిలినవి రెండు వందలు కూడా లేవు. మన హైదరాబాద్‌కీ వాటా ఉంది: హాజీ ఖిస్సాఖ్వాన్ హమదానీ అనే ఇరానీ దాస్తాన్‌గో 17వ శతాబ్దం మొదట్లో ఇక్కడికొచ్చి హంజా కథని ఫార్సీలో కూర్చాడు. తర్వాత లక్నోలో మున్షీ నవల్ కిశోర్ ప్రెస్ ఉర్దూలో 46 జిల్దులు అచ్చేసింది. వాటిలో పేరు మోసింది తిలిస్మె హోష్‌రుబా. ఈ 46 జిల్దుల్ని వెతికి పోగేసి, కూర్చుని చదివి, వాటి మీద 'సాహిరీ, షాహీ, సాహిబ్‌ఖిరానీ' అని గ్రంథం రాసిన ఆలిమ్ షంసుర్ రహ్మాన్ ఫారూఖీ సాహెబ్. 2020 డిసెంబర్‌లో పోయారు. దాస్తాన్‌ని నవల కొలబద్దతో కొలవొద్దు, అది నోటితో చెప్పే కళ, దాని ఉసూల్ వేరు అన్నది ఆయన పట్టు.

చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో మాకు దీని పిల్లల కథలు దొరికేవి. మా ఊరి నవనాథ సిద్ధుల గుట్ట మీది నల్లరాళ్ళు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, నా తిలిస్మ్ అంతా అక్కడే జరిగేది. తొమ్మిదిమంది సిద్ధులు తపస్సు చేసిన గుట్ట అంటారు. ఆరు, మూడు కలిపితే తొమ్మిది, అదే ఆరుమూరు, ఆర్మూరు అని ఊరి పేరుకి అర్థం చెప్పుకుంటారు. నాథసిద్ధులు రసవాదులు, లోహాన్ని బంగారం చేసేవాళ్ళని పేరు. అఫ్రాసియాబ్ జాదూగర్ అక్కడ ఉంటాడంటే నాకేం తేడా కనిపించలేదు.

అయితే దాస్తాన్‌లో కూడా అదే మోసం ఉంది. కథ ఎప్పటిదో అరబ్బు కాలానిది. పాత్రలు మాట్లాడేది నవాబుల లక్నో ఉర్దూ, తినేది లక్నో పాన్, చేసేది లక్నో ఆదాబ్. పోయిన లక్నోని దాస్తాన్‌గోలు జిన్నుల లోకంలో మళ్ళీ కట్టుకున్నారు. ఇది మోసమే గానీ అందమైన మోసం. నసీమ్ హిజాజీ నవలలు అంత అందమైనవి కావు. మన ఇళ్ళల్లో ఒక తరం వాటితో పెరిగింది. ప్రతి పేజీలో గుర్రం, తల్వార్, అన్నివేళలా సత్యం మనవైపే. ఈ మధ్య ఎర్తుగ్రుల్ టర్కీ సీరియల్ ఉర్దూలో వచ్చాక పిల్లలు బొచ్చు టోపీలు కొనుక్కుని తిరిగారు. ఆ సీరియల్ ఐదు సీజన్లు నడిచింది. అసలు ఎర్తుగ్రుల్ గురించి ఆ కాలపు సాక్ష్యం అంటూ ఉన్నది దాదాపు కొడుకు ఉస్మాన్ నాణెం మీద తండ్రి పేరు మాత్రమే. ఒక పేరు మీద అన్ని వందల గంటలు కట్టారు. భువనవిజయం వాళ్ళని ఎనిమిదిమంది కవుల కోసం ఎగతాళి చేసే మన మేధావులు దీని దగ్గర నోరు మెదపరు.

ఆదిత్య 369లో నాకు నచ్చే ముచ్చట ఒకటుంది, ఎవరూ దాని గురించి మాట్లాడరు. రాయల కాలపు వజ్రం దొంగలు కాజేయాలనుకునేది ఎక్కడి నుంచి? సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి. అంటే కథ ప్రకారం రాయలవారి వజ్రాన్ని ఇన్నేళ్ళు భద్రంగా పెట్టింది ఒక నవాబుగారి ఖజానా.

భాంజా కాలేజీలో ఉగాదికి భువనవిజయం వేస్తారట. వాడికి ద్వారపాలకుడి వేషం ఇచ్చారు. మంచిదే, ముందు స్టేజీ ఎక్కనీ. నేనొక వేరే రూపకం రాద్దామని చూస్తున్నాను. స్థలం పటాన్‌చెరు. కుతుబ్‌షాహీ అమీర్ అయిన అమీన్‌ఖాన్ కొలువు. పొన్నెగంటి తెలగన అక్కడికి యయాతిచరిత్ర పట్టుకొస్తాడు. ఒక్క సంస్కృత మాట కూడా కలవని అచ్చతెలుగులో రాసిన మొదటి కావ్యం అది, అంకితం అమీన్‌ఖాన్‌కి. అష్టదిగ్గజాలు అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు. లిబాస్ ఖర్చు కూడా తక్కువే. రెండు కుళ్ళాయిలు, ఒక కబాయి. కుట్టడానికి మా పాత బజార్ దర్జీ ఒప్పుకున్నాడు, కొలతలకి తిరుమల ఫోటో తీసుకురమ్మన్నాడు.